మింగేసిన సెకన్లు

ఇంకా ముప్పై ఎనిమిది నిమిషాలు. నక్షత్రం ల్యాప్‌టాప్ తెర మీద ఉంది, ఆవగింజలో సగం కూడా లేదు, బూడిదరంగు చుక్క, వణుకుతోంది. వణికేది నక్షత్రం కాదు, మధ్యలో ఉన్న గాలి అని మా ఆయన ఎన్నిసార్లు చెప్పి ఉంటారో. నాకు కాదు, ఇంటికొచ్చిన వాళ్లకి చెబుతుంటే నేను కాఫీ గ్లాసులు తీస్తూ విన్నాను, నాకు తెలిసిన ఆకాశమంతా అలా విన్నదే. కింది గదిలోంచి రేడియో మెట్ల మీదుగా సన్నగా వినిపిస్తోంది, సెకనుకొక పిప్. టైము చెప్పే స్టేషను అది. పాటలుండవు, వార్తలుండవు, రోజంతా సెకన్లు లెక్కపెట్టడం, నిమిషానికోసారి టైము చెప్పడం, అదే దాని పని. పొద్దున్నుంచి ఎడమచేత్తో దాన్నే చూపిస్తుంటే మంచం పక్కన స్టూలు మీద పెట్టి వచ్చాను. ఇదా కావాల్సింది అంటే 'కాదు' అన్నారు, తీసెయ్యనా అన్నా 'కాదు' అన్నారు. ఎనిమిది నెలల కిందట తలలో రక్తం గడ్డకట్టి కుడిపక్కంతా పడిపోయింది, మాటలన్నీ పోయాయి, మూడే మిగిలాయి: కాదు, పో, ఎన్ని. ఇవే ఎందుకు మిగిలాయో చెప్పలేమమ్మా అన్నాడు డాక్టరు. నన్నడిగితే చెప్పేదాన్ని. ముప్పై ఏళ్లుగా రోజూ వాడిన మాటలు అవే మరి, నాలుక మీద గాడి పడిపోయి ఉంటుంది.

ఏడూ నలభై రెండుకి వస్తుంది అది. అది అంటే ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు, అందుకే ఈ అవస్థంతా. నెప్ట్యూన్‌కి అవతలెక్కడో తిరిగే మంచురాయి. పేరు లేదు, నంబరుంది. నేరుగా చూడాలంటే ఎంత పెద్ద టెలిస్కోపుకైనా చుక్కలాగే ఉంటుంది. అది ఏదైనా నక్షత్రానికి అడ్డం వస్తే ఆ నక్షత్రం కాసేపు ఆరిపోతుంది, ఆ ఆరడాన్ని చూడగలం. దాని నీడ ఇవాళ మా మీదుగా పోతుంది. తొమ్మిది మందిమి, ఇరవయ్యేసి కిలోమీటర్ల దూరంలో, నీడకి అడ్డంగా వరసలో కూర్చున్నాం. ఒకరికి మూడు సెకన్లు ఆరుతుంది, ఒకరికి ఎనిమిది, చివర్లో ఉన్నవాళ్లకి అసలు ఆరదు, వాళ్లు ఆరలేదనే రాయాలి, అదీ పనికొస్తుంది. అందరి సెకన్లూ గీతలుగా గీసి పేర్చితే రాయి ఆకారం తేలుతుంది. నట్టనడిమి గీత మా డాబా మీదుగా వెళ్తుంది. అందరికంటే ఎక్కువసేపు ఇక్కడే, పదకొండు సెకన్లు. వరస చూసుకునే పెద్దాయన, రిటైరైన సర్వేయరు, నెల కిందట ఫోన్ చేశాడు. 'అమ్మా, సారుకి ఇలా అయింది కదా, మీ చోటు ఖాళీగా వదిలేద్దామనుకుంటున్నాం' అన్నాడు. నేను చేస్తానన్నాను. 'మీకు అలవాటు లేదు కదమ్మా.' 'ముప్పై ఏళ్లుగా మైక్రోస్కోపులో రక్తకణాలు లెక్కపెడుతున్నానండీ, చుక్కలు నాకు కొత్త కాదు' అన్నాను. నవ్వి, 'సరే, ఫారంలో పరిశీలకుడి గడిలో ఎవరి పేరు వేస్తారు, సారుదేనా' అన్నాడు. అయ్యాక చెప్తానన్నాను. ఆ గడి ఇప్పుడు తెర మీద ఒక మూల తెరిచే ఉంది, ఖాళీగా. ఇన్నేళ్ల కాపురంలో నేను ఆయన్ని అడగకుండా కావాలనుకున్నది ఆ గడి ఒక్కటే. ఆరితే నా పేరు. ఆ పదకొండు సెకన్లు నా కళ్లముందు పోయి రావాలి, ఇంకెవరి కళ్లముందూ కాదు.

నేను ఆసుపత్రి ల్యాబ్‌లో పని చేస్తాను. మా పనిలో ఒక కన్ను మైక్రోస్కోపుకి ఆనించి రెండోది మూసుకోరు, రెండూ తెరిచే ఉంచాలి, లేకపోతే సాయంత్రానికి తల పగిలిపోతుంది. పెళ్లైన ఏడాది ఒకసారి నన్ను పిలిచి టెలిస్కోపులో శనిగ్రహం చూడమన్నారు. అలవాటు కొద్దీ రెండు కళ్లూ తెరిచే చూశాను. పక్కన మా మరిదీ తోడికోడలూ ఉన్నారు. 'చూడరా, గుడ్లగూబ' అన్నారు ఆయన. మరిది నవ్వితే ఇంకాస్త ఊపొచ్చింది. 'దీనిది కిందకి చూసే కన్నురా. పొద్దస్తమానం ఉచ్చా రక్తం చూసి చూసి ఆ కన్ను వంగిపోయింది. పైకి చూడాలంటే వేరే చదువుండాలి.' ఈయన చదువంటే హైస్కూల్లో ఫిజిక్సు పాఠం చెప్పేంత. నేనూ నవ్వాను, కాఫీ పళ్లెం పట్టుకుని నవ్వకుండా నిలబడితే బావుండదు కదా. శని ఎలా ఉందో ఇప్పుడు గుర్తు లేదు. తోడికోడలు నోటికి పమిట అడ్డం పెట్టుకుని నవ్వడం మాత్రం గుర్తుంది. ఒకసారి ఆయన రెండు గంటలు కూర్చుని నక్షత్రం ఆరలేదని రాసి పంపారు. మర్నాడు బల్ల తుడుస్తూ పటం చూస్తే తెలిసింది, ఆయన చూసింది పక్క నక్షత్రం. చెప్పలేదు. ఇరవై రెండేళ్లుగా పెట్టెలో దాచుకున్న పట్టుచీరలా దాచాను ఆ మాట, ఎప్పుడైనా కట్టుకోవచ్చని. ఇప్పుడు చెబితే ఏం లాభం, కాదు అంటారు.

ఇంకా ఇరవై ఆరు నిమిషాలు. మెడ పట్టేసింది. కొత్తలో ఈ డాబా మీద నాకూ ఒక పని ఉండేది. అప్పుడు కెమెరాలు లేవు, కన్నే. ఆయన గొట్టానికి కన్ను పెట్టి కూర్చునేవారు, పక్కన ఇదే రేడియో, టేపు రికార్డరు తిరుగుతూ ఉండేది. నక్షత్రం ఆరగానే 'పోయింది', వెలగగానే 'వచ్చింది' అనాలి, ఆ గొంతూ ఆ పిప్పులూ ఒకే టేపులో పడితే టైము తేలుతుంది. ఇంకెవరి గొంతూ పడకూడదు. అందుకని ఆఖరి నిమిషంలో నేను గడియారం చూస్తూ ఉంగరంతో పిట్టగోడ మీద సెకనుకొకటి కొట్టేదాన్ని. ఆపానంటే టైమైందని గుర్తు, ఇక ఊపిరి కూడా బిగబట్టాలి. అప్పుడు ఆయన వీపు నా వైపు ఉండేది, నేను కొట్టే దెబ్బకి ఆయన భుజాలు ఎక్కడివక్కడ సర్దుకునేవి. మా ఇద్దరికీ కుదిరిన పని ఏదైనా ఉంటే అదే. పిల్ల పుట్టాక కూడా చేశాను, ఒక్కొక్కప్పుడు చంకలో వేసుకుని చేశాను. పిల్లకి ఐదేళ్లప్పుడు ఆ పనీ పోయింది.

ఆ రోజు కూడా కొట్టి ఆపాను. ఆ ఆరడం అనుకున్న టైముకి అరనిమిషం అటూ ఇటూ అవుతుంది, అది నాకూ తెలుసు. కింద పిల్ల కేక వినిపించింది. పరుగెత్తుకెళ్లాను. స్టవ్ మీద మరిగే నీళ్ల గిన్నె లాక్కుంది, మోచేయి నుంచి మణికట్టు దాకా తోలు వదిలేసి ఉంది. పిల్లనెత్తుకుని మెట్ల కింద నిలబడి 'ఏమండీ' అన్నాను. మళ్లీ అన్నాను. మూడోసారి అరిచాను. ఆయన రాలేదు. కుళాయి కింద చెయ్యి పెట్టి నిలబడ్డాను, నీళ్ల చప్పుడులో పిల్ల ఏడుపు, పైనుంచి పిప్ పిప్. ఐదు నిమిషాలకి వచ్చారు. ఆరిపోయాక కూడా ఐదు నిమిషాలు చూస్తూ ఉండాలి, రాయి చుట్టూ చిన్న చందమామ ఏదైనా తిరుగుతుంటే దొరుకుతుందట, అది వాళ్ల రూలు. వంటింటి గుమ్మంలో నిలబడి చాలా నెమ్మదిగా అన్నారు, 'నీ అరుపుకి అటు తిరిగాను. నాలుగు సెకన్లూ పోయాయి.' తర్వాత పిల్ల చెయ్యి చూశారు. 'చన్నీళ్లలో పెట్టావా? మరింకేం.' అటు పక్కవాళ్లకీ ఇటు పక్కవాళ్లకీ ఆరిందట, నాలుగేసి సెకన్లు. మధ్యలో ఈయన గీత ఒక్కటే లేదు. ఆ పటం అచ్చులో వస్తే రాయి నడుం దగ్గర ఖాళీ, పన్ను ఊడిన చిగురులా.

ఆ టేపుని తోడికోడలు వాళ్లొచ్చినప్పుడు వేసి వినిపించారు. 'వినండి, వినండి, ఇక్కడే.' పిప్, పిప్, ఏమండీ. పిప్, ఏమండీ. అందులో నా గొంతు ఎవరిదోలా ఉంది. వెనక పిల్ల ఏడుస్తోంది. ఆ పిల్లే అప్పుడు కట్టుతో పినతండ్రి ఒళ్లో కూర్చుని బిస్కెట్టు తింటోంది, 'ఎవరు నాన్నా ఏడిచేది' అని అడిగింది. 'రాహువైతే సూర్యుణ్ణి మింగి మళ్లీ కక్కుతాడు' అన్నారు ఆయన. 'మా ఆవిడ మింగితే మింగడమే. నాలుగు సెకన్లు మింగి తేనుపు కూడా రాలేదు.' మరిది పడి పడి నవ్వాడు. నేను కాఫీ అందించాను. ఆ జోకు ఎన్నేళ్లు నడిచిందో. ఎవరొచ్చినా, అన్నం కాస్త ఎక్కువ పెట్టుకున్నా, 'చూసుకో, సెకన్లు మింగిన కడుపది' అనేవారు. ఆ తర్వాత నన్ను డాబా ఎక్కనివ్వలేదు. బట్టలారేయడానికి ఎక్కొచ్చు.

పిల్ల పెద్దదైంది, పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటుంది, నాన్నంటే ప్రాణం. వింత, కాలిన చెయ్యి దానిది, మానని చోటు నాది. మధ్యాహ్నం ఫోన్ చేసింది. 'అమ్మా, నాన్నకి ఎంత బాధగా ఉంటుందో ఇవాళ, మధ్యమధ్యలో కిందకెళ్లి ఏమవుతోందో చెప్పవే.' 'చెప్తాలే.' 'ఆ మాత్రలకి నోరెండిపోతుందిట, నీళ్లు దగ్గర పెట్టావా?' 'పెట్టాను' అన్నాను. ఎడమవైపా కుడివైపా అని అది అడగలేదు. కుడివైపు పెట్టాను. ఆయనకి కుడివైపు లేదు, ఎనిమిది నెలలుగా ఆ పక్క మంచమూ ఆ పక్క గోడా ఆయనవి కావు. గ్లాసు పెడుతుంటే ఎడమకన్ను నా చేతి వెంట వచ్చింది, స్టూలు దాకా. నేను ఆగాను. ఆయన కనీసం 'కాదు' అంటే మార్చేదాన్నేమో. 'పో' అన్నారు. వచ్చేశాను. చేతికర్ర ఎడమచేతిలో పెట్టే వచ్చాను, కావాలంటే మంచం పట్టీ మీద కొట్టమని. కొడతారని తెలుసు. నాలుగు మెట్లు ఎక్కేసరికి కొడతారు, అన్నం నోట్లో పెట్టుకునేసరికి కొడతారు, దుప్పటి సర్దమని, దిండు తిప్పమని, ఏమీ అక్కర్లేకుండా కూడా కొడతారు, వెళ్తే 'పో' అంటారు. సరిగ్గా ఆఖరి నిమిషంలో కొడతారు చూడు అని పొద్దున్న పళ్లు తోముకుంటూనే అనుకున్నాను. అనుకుని, మరి గ్లాసు అటెందుకు పెట్టావంటే, ఏమో. కొట్టాలనే పెట్టానేమో. కొడితే వెళ్లకుండా ఉండాలని ఉందేమో నాకు.

ఏడూ ముప్పై ఏడు. రికార్డింగు మొదలుపెట్టాను. తెర అడుగున టైము అంకెలు పరుగెడుతున్నాయి, చివరి రెండంకెలు చదవడానికి కూడా అందవు. మూడు చుక్కల ముక్కోణం, కింద జంట చుక్కలు, వాటి పక్కన నాది. పటంతో మూడుసార్లు సరిచూశాను, పక్క నక్షత్రం కాదు. చలిగాలి తగులుతోంది, శాలువా కిందే మర్చిపోయాను. ఎదురు డాబా మీద ఎవరో ఫోనులో బేరమాడుతున్నారు, తర్వాత అదీ ఆగింది. నా చేతులు ఒళ్లో ఉన్నాయి. వేలసార్లు స్లైడు పెట్టిన చేతులు, వణకవు. ఏడూ నలభై. ఆయన ఈ కుర్చీలోనే కూర్చునేవారు, కుర్చీ ఎడమ చెయ్యి దగ్గర ఆయన గోటితో గీరిన చోటు నా వేలికి తగులుతోంది.

ఏడూ నలభై ఒకటి. టక్.

చూశావా. టక్. అనుకున్నానా లేదా. కర్ర, మంచం ఇనప పట్టీ మీద. టక్. నీళ్లు. గొంతెండి ఉంటుంది. టక్. కొట్టండి, ఎంత కొడతారో కొట్టండి. రేడియో కూడా వినపడడం లేదు, కర్ర దాన్ని మింగేసింది. టక్. ఒళ్లంతా చెవులైనట్టుంది, ఈ ఎనిమిది నెలల్లో ఆ చప్పుడుకి లేవని మోకాళ్లు కావివి, ఇప్పుడు కూడా ఒకసారి లేవబోయాయి, కుర్చీ కిర్రుమంది. కూర్చోపెట్టాను వాటిని. టక్. తెర మీంచి కన్ను తియ్యకూడదు. ఏమండీ. టక్. మూడుసార్లే పిలిచాను నేను, మీరు ఇప్పటికే ఎన్నిసార్లు కొట్టారో, నేను లెక్కపెట్టడం లేదు. టక్. చర్మం వదిలేస్తే ఎలా ఉంటుందో తెలుసా మీకు, తడి కాగితంలా ఉంటుంది, వేలికి అంటుకుని వస్తుంది. టక్. చన్నీళ్లలో పెట్టావా, మరింకేం. టక్, టక్. చుక్క ఉంది. వణుకుతోంది. ఉంది.

ఆగింది.

కర్ర ఆగింది. సరిగ్గా అప్పుడు. రేడియో వినిపిస్తోంది మళ్లీ. అంత ఠక్కున ఎందుకు ఆగుతుంది? ఇక చెయ్యి లేవకపోతే ఆగుతుంది. గ్లాసు కోసం కుడివైపుకి ఒరిగి ఉంటారు, ఒరిగితే మళ్లీ ఇటు తిరగలేరు, మొహం దిండులోకి పోతుంది, ఒకసారి అలాగే అయితే నేను పక్కన ఉండబట్టి తీశాను, పెదాలు నీలమయ్యాయి. ఎన్ని నిమిషాలు పడుతుంది? నాలుగు. ఐదు. ల్యాబ్‌లో పనిచేసేదాన్ని, రక్తంలో ఆక్సిజను ఎలా దిగుతుందో నాకు తెలుసు. లేవాలి. ఇప్పుడు లేస్తే సరిపోతుంది, ఇరవై రెండు మెట్లు. చుక్క ఉంది. లేవలేదు. లేవను. నా గుండె కొట్టుకోవడం వినిపిస్తోంది, భయం కాదది, ఆకలి లాంటిదేదో, ఏళ్లుగా పస్తున్నదాని ముందు విస్తరి వేసినట్టు.

పోయింది.

మసకబారలేదు, తగ్గలేదు. ఉన్నది లేదు. ముక్కోణం ఉంది, జంట చుక్కలున్నాయి, మధ్యలో నల్లగా. ఒకటి. ఎంత నిశ్శబ్దంగా పోయింది. మూడు. అక్కడ ఇప్పుడు ఆ రాయుంది, చీకట్లో చీకటి, దాన్నెవరూ పిలవలేదు, ఎవరి మంచి కోసమూ రాలేదు, దాని దారిన అది పోతూ ఇంత పెద్ద నక్షత్రాన్ని ఆర్పేసింది. ఆరు. దాని నీడ నా మీద ఉంది, నా జుట్టు మీద, ఈ కుర్చీ మీద, కింద ఆయన మీద. ఎనిమిది. నోరు తెరుచుకుని ఉన్నాను. రెండు కళ్లూ తెరిచే చూస్తున్నాను, గుడ్లగూబలా. పది. చాలు, ఇక వస్తుంది, రాకపోయినా సరే. పదకొండు.

వచ్చింది.

అదే వణుకు, ఏమీ జరగనట్టు. నా మొహమంతా తడిసిపోయి ఉంది. ఇక కిందికెళ్లచ్చు, కెమెరా దాని పని అది చేసుకుంటుంది, నేను కూర్చోనక్కర్లేదు. కూర్చున్నాను. తర్వాత ఐదు నిమిషాలు చూడాలి, చిన్న చందమామ ఏదైనా ఉంటే దొరుకుతుంది, రూలు. కింద రేడియో తప్ప చడీచప్పుడు లేదు. మొదటి నిమిషంలో పిల్లకి ఫోన్ ఎలా చెయ్యాలో ఆలోచించాను, ఏ గొంతుతో. రెండో నిమిషంలో ఆ మంచం తీసేస్తే గదిలో కిటికీ దగ్గర నా బల్ల పడుతుందని. మూడో నిమిషంలో ఆ ఖాళీ గడిలో నా పేరు కొట్టాను, పూర్తి పేరు, పుట్టింటివాళ్లు పెట్టినది, ఆయన పిలవనిది. నాలుగో నిమిషంలో చదువుకున్నాను. ఐదో నిమిషంలో ఏమీ ఆలోచించలేదు, చుక్కని చూశాను. ఇంకే చందమామా లేదు. ఆపి, భద్రం చేసి, మూత వేసి, ఒక్కొక్క మెట్టూ దిగాను.

ఆయన పడిపోలేదు. ఎలా పడుకోబెట్టానో అలాగే, వెల్లకిలా, తల ఇటే తిప్పి ఉన్నారు. గ్లాసు నిండుగా ఉంది, ఒరగనే లేదు అటు. పెదాలు అట్టకట్టి ఉన్నాయి. కర్ర గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, చప్పుడు చెయ్యకుండా దాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నారు, వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. ఊపిరి బిగబట్టి అప్పుడే వదిలినట్టు ఛాతీ ఎగిసిపడుతోంది. రేడియో పిప్ అన్నప్పుడల్లా చూపుడువేలు కర్ర మీద కొంచెం లేస్తోంది, పడుతోంది. ఇంకా లెక్కపెడుతూనే ఉన్నారు.

ఆఖరి నిమిషం. సెకనుకొకటి. ఆపితే టైమైందని. నా పని ఆయన చేశారు, ఎడమచేత్తో, నాకోసం. నేను లెక్కపెట్టలేదు కానీ లెక్కపెడితే సరిగ్గా అరవై ఉండేవి. లెక్కపెట్టడమే నా ఉద్యోగం, ముప్పై ఏళ్లుగా, ఒక్క కణం తప్పకుండా.

నన్ను చూసి ఎడమకన్ను వెలిగింది. అలా వెలగడం పిల్ల పుట్టినప్పుడు చూశానేమో, అంతే. పెదాలు విడదీసి, వెతుక్కుని, ఉన్న మూడింట్లోంచి ఒకటి తీశారు.

'ఎన్ని?'

పదకొండు. నాలుక చివరే ఉంది. ఒక్క మాట, ఐదారు నిమిషాలు ఆలస్యమైన ఒక్క మాట, దానితో ఆయన ఇంకో ఇరవై ఏళ్లు ఈ మంచం మీద సుఖంగా పడుకోగలరు. వంటింటి గుమ్మం వైపు చూశాను. అక్కడే నిలబడ్డారు ఆయన ఆ రోజు. వెళ్లి సరిగ్గా ఆ గుమ్మంలో నిలబడ్డాను, చాలా నెమ్మదిగా అన్నాను.

'మీ కర్ర చప్పుడుకి కంగారుపడి లేచాను. కాలు తగిలి కెమెరా తీగ ఊడింది. పదకొండు సెకన్లూ పోయాయి.'

'కాదు' అన్నారు.

'అవును.'

'కాదు.' ఈసారి సగమే వచ్చింది. కర్ర జారి నేల మీద పడింది. వేలు ఆగిపోయింది, రేడియో ఒక్కటే కొట్టుకుంటోంది. దాన్ని కట్టేశాను. అటు తిరిగి గ్లాసు తీసుకుని, మెడ కింద చెయ్యి వేసి లేపి, నీళ్లు పట్టాను. పాపం, ఎంత దాహమో, ఆపకుండా తాగారు, కళ్లలోంచి కారుతున్నది కూడా తుడిచాను. ఆయనకి అక్షరాలు పోయి ఎనిమిది నెలలైంది, అచ్చులో పటం వచ్చినా అందులో పేరు చదవలేరు. ఆదివారం మరిదీ తోడికోడలూ చూడ్డానికి వస్తామన్నారు. కాఫీ అందిస్తూ చెబుతాను, మీ అన్నయ్య పదకొండు సెకన్లు మింగి తేనుపు కూడా లేదు చూడండి అని. వాళ్లు నవ్వుతారు, ముందు తోడికోడలే నవ్వుతుంది. అప్పుడు ఆయన వైపు తిరుగుతాను. ఆ ఎడమపక్క పెదవి ఇంకా కదులుతుంది. నవ్వాలి మరి. నేను నవ్వలేదూ.